గాంగు మోగేదాకా లేవకూడదు

నా పేరు గొర్లె అప్పలసూరి. నీలంపేట హైస్కూల్లో పీఈటీని, అంటే డ్రిల్లు మాస్టార్ని. పాతికేళ్ళుగా ఎండలో నిలబడి పిల్లల చేత ఒకటీ రెండూ మూడూ నాలుగూ అనిపించడం నా ఉద్యోగం. సంగీతానికీ నాకూ ఉన్న చుట్టరికం మెడలో వేలాడే ఈల ఒక్కటే. అలాంటివాడికి గమెలాన్ అనే కంచు మేళం ఎలా తగులుకుందో చెబితే గానీ మా కళాసమత్వ విభాగం వారి ఘనత మీకు బోధపడదు. కాస్త ఓపిక పట్టండి.

రెండున్నరేళ్ళ కిందట ప్రభుత్వం వారు కళామైత్రి అని ఒక పథకం పెట్టారు. మన కూచిపూడి మాస్టారొకాయన జావా దీవికి వెళ్ళాడు. బదులుగా అక్కణ్ణించి ఒక మాస్టారు పద్నాలుగు చెక్కపెట్టెలతో మా నీలంపేటలో దిగాడు. పేరు వాగియో. వాళ్ళ దేశంలో పెద్దవాళ్ళని పాక్ అని పిలుస్తారు. నాన్నగారూ, మాస్టారూ, రెండూ అదేనట. మా పిల్లలు దానికి తాత తగిలించి పాక్ తాతని చేసేశారు. డెబ్బై ఏళ్ళ మనిషి. మోకాళ్ళ నొప్పులు. జేబునిండా లవంగాలు.

మా బళ్ళో సంగీతం టీచరు పోస్టు లేదు. "ఏదో ఒకటి కొట్టే పనే కదా, నువ్వు చూసుకో అప్పలసూరీ," అన్నారు హెడ్మాస్టరు గారు. అలా నేను శిష్యుణ్ణయ్యాను.

పెట్టెలు విప్పితే అంతా కంచు. పలకలు వరసగా పేర్చినవి కొన్ని, వాటిని సరోన్ అంటారు. బోర్లించిన చిన్న కుండల్లాంటివి ఒక మంచం మీద కూర్చోబెట్టారు, అది బొనాంగ్. ఒక మద్దెల. నాకు నోరు తిరగనివి మరికొన్ని. వీటన్నిటి వెనకా గుళ్ళో జేగంటకి పెదనాన్నలాగా ఒక పెద్ద గాంగు. పద్నాలుగో పెట్టెలో మాత్రం వాద్యం లేదు, మద్దెల తప్ప మిగతా అన్నిటినీ వాయించే సుత్తులున్నాయి.

"పదమూడు వాద్యాలు కాదు, ఒకటే," అన్నాడు పాక్ తాత. అతనికొచ్చిన నలభై తెలుగు ముక్కలూ నాకొచ్చిన నలభై ఇంగ్లీషు ముక్కలూ కలిపి మేం మాట్లాడుకునేవాళ్ళం. "ఒకే కొలిమి. ఒకే చెవి. ఈ సరోన్ ఇంకో ఊరి బొనాంగ్‌తో కలవదు. విడదీస్తే కంచు ముక్క, అంతే."

నలభై ఏళ్ళు వీటితోనే తన ఊరి బళ్ళో పాఠం చెప్పాడట. అక్కడ పిల్లలు తగ్గిపోయి బడి మూతపడితే, వాద్యాలు మూలన పడి ఉండడం చూడలేక మాకు తెచ్చిచ్చాడు. పద్ధతి మాత్రం అక్కడిదే. చెప్పులు బయట. వాద్యాన్ని దాటి నడవకూడదు, చుట్టూ తిరిగి వెళ్ళాలి. ప్రతి పిల్లా ప్రతి వాద్యం దగ్గరా కూర్చుని నేర్చుకోవాలి, నేనే గొప్ప అనడానికి వీల్లేదు. లెక్క పదహారు. పదిహేను దాకా అందరూ ఎవరి దెబ్బ వాళ్ళు కొడతారు, పదహారోది గాంగుది, ప్రతి వరసకీ మెత్తగా, ఆఖరి వరసకి మాత్రం ఒక్క పెద్ద దెబ్బ. మా పిల్లలకి డ్రిల్లు లెక్క పుట్టుకతో వచ్చినట్టే, నెల తిరక్కుండా పట్టేశారు. ఏమాత్రం తప్పినా పాక్ తాత కళ్ళు మూసుకుని ఒకే మాట అనేవాడు. "మళ్ళీ."

అన్నిటికంటే పెద్ద నియమం వేరే ఉంది. పాట చివర గాంగు మోగేదాకా ఎవరూ లేవకూడదు. ఒకరోజు పాట మధ్యలో వాన పట్టుకుంది. మా గది పైకప్పుకి రెండు రేకులు లేవు. నేను లేవబోతే కూర్చోమని చెయ్యి చూపించాడు. గాంగు మోగేసరికి అందరం ముద్దముద్దగా తడిసిపోయాం. హెడ్మాస్టరు గారు నన్ను నానా మాటలూ అన్నారు. నాకు మాత్రం ఆరోజే మొదటిసారి, ఇది కొట్టే పని కాదు, ఇంకేదో అనిపించింది.

గాంగు దగ్గరికి బెవర ఝాన్సీని ఏరి పెట్టాడు. అప్పుడు ఏడో తరగతి. బళ్ళో తొందరలేని పిల్ల అదొక్కతే. నాలుగు నెలలయ్యాక బస్సెక్కుతూ దాని తల మీద చెయ్యి పెట్టి చెప్పాడు. "రెండేళ్ళకి వస్తాను. డాక్టరు ఇంకొక్క ప్రయాణానికే ఒప్పుకున్నాడు. నేను కూర్చుంటాను. నువ్వు మోగించు. అప్పుడు లేస్తాను."

రెండేళ్ళు. ప్రతి సాయంత్రం గంటన్నర. ఝాన్సీ తొమ్మిదికొచ్చింది, పాట పూర్తిగా వచ్చింది. పాక్ తాత రావడానికి ఇంకా మూడు నెలలుందనగా సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నీలంపేట ఉన్నత పాఠశాలయందు పద్నాలుగు విదేశీ కళాపరికరములు కేంద్రీకృతమై యుండుటయు, పరిసర పదమూడు పాఠశాలలయందు సదరు పరికరములు శూన్యమై యుండుటయు విభాగము దృష్టికి వచ్చినది. ఇది కళాసమత్వ సూత్రమునకు గొడ్డలిపెట్టు. కావున 'ఒక బడి, ఒక వాద్యం' పథకము క్రింద పాఠశాలకు ఒక్కటి చొప్పున తక్షణమే పంపిణీ చేయవలెను."

కింద సంతకం పరాంకుశం గారిది. కళాసమత్వ విభాగం సంయుక్త సంచాలకులు. నేను ఈల మెడలోనే ఉంచుకుని డివిజన్ ఆఫీసుకి పరిగెత్తాను.

"సార్, అవి పద్నాలుగు కాదు సార్, ఒకటే," అన్నాను.

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "రిజిస్టరులో పద్నాలుగు అని మీ హెడ్మాస్టరే నమోదు చేశారు కదయ్యా. ఒకటైతే పద్నాలుగు పెట్టెలెందుకు?"

"విడదీస్తే వాయించడానికి కుదరదు సార్."

"వాయించడం ద్వితీయాంశము. అందుబాటు ప్రథమాంశము. ప్రతి విద్యార్థికీ కళ అందుబాటులో ఉండాలి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అలాగైతే క్రికెట్ కిట్టు కూడా పంచెయ్యండి సార్. ఒక బడికి బ్యాటు, ఒక బడికి బంతి, ఇంకో బడికి వికెట్లు!"

పరాంకుశం గారు కలం మూత తీశారు. "చాలా నిర్మాణాత్మకమైన సూచన. మీ పూర్తి పేరు?"

పదిహేను రోజుల్లో రెండో సర్క్యులర్ వచ్చింది. మా నీలంపేటకి మూడు వికెట్లు దక్కాయి. బ్యాటు చినమేడపల్లికి, బంతి గుడ్డివలసకి పోయాయి. ఫుట్‌బాల్ ఒక ఊరికీ, దానికి గాలికొట్టే పంపు పద్దెనిమిది కిలోమీటర్ల అవతల ఇంకో ఊరికీ వెళ్ళాయి. అడుగున స్పష్టంగా అచ్చు వేశారు: "సూచించినవారు: గొర్లె అప్పలసూరి, పీఈటీ." ఆ దెబ్బతో డివిజన్‌లో ఏ డ్రిల్లు మాస్టారూ నాకు ఎదురుపడితే పలకరించడం మానేశాడు. నా నోటికి నేనే తాళం వేసుకోవాల్సింది.

వాద్యాల పంపిణీ చీట్లు తీసి చేశారు. మా బడికి పద్నాలుగో చీటీ వచ్చింది. సుత్తుల పెట్టె.

అంటే వినండి. పదమూడు బళ్ళలో వాయించడానికి వాద్యాలున్నాయి, కొట్టడానికి సుత్తుల్లేవు. మాకు సుత్తులున్నాయి, కొట్టడానికి ఏమీ లేదు. పిల్లలు రోజూ సాయంత్రం గదిలో ఖాళీ నేల ముందు బారులు తీరి కూర్చుని, సుత్తులు పట్టుకుని గాల్లో లెక్క కొట్టేవారు. పదహారో లెక్కకి ఝాన్సీ గాల్లో గాంగు మోగించేది. "మాస్టారూ, పాక్ తాతొస్తే ఏటి చెప్తాం?" అనడిగింది ఒకసారి. నేను ఈల ఊది గ్రౌండుకి పొమ్మన్నాను.

మిగతా బళ్ళవాళ్ళు చేతనైనంత చేశారు, పాపం, వాళ్ళని అనడానికేం లేదు. చినమేడపల్లి వంటామె బొనాంగ్ కుండల్ని తిరగేసి పప్పు గిన్నెలు చేసింది. అడుగున బొడిపె ఉంది కదా, పెట్టిన ప్రతి గిన్నే గిర్రున తిరిగి పప్పు ఒలకబోసింది. గుడ్డివలసలో సరోన్‌ని గాజు బీరువాలో పెట్టి తాళం వేసి, "తాకరాదు" అని రాశారు. మద్దెల పడ్డ బళ్ళో దాని మీద కూర్చుని ఏడో తరగతి లెక్కల టీచరు పేపర్లు దిద్దేది.

గాంగు వెళ్ళింది కొండ మీది ఇప్పలగూడకి. వాళ్ళకి గంట లేదు. గంటగా వాడుకునే రైలు పట్టా ముక్కని ఎవడో ఎత్తుకుపోయాడు. హెడ్మాస్టరు కిల్లో బలరాం గారు రెండు సిమెంటు దిమ్మలు కట్టించి, గాంగుని వాటి మధ్య సిమెంటులో పాతిన ఇనప గొలుసులతో బిగించి పారేశారు. గునపం వెనక్కి తిప్పి ఒక్కటిస్తే బడి మొదలు. సాయంత్రం ఒక్క పెద్ద దెబ్బ వేస్తే లాంగ్ బెల్లు, బడి వదిలేసినట్టు. మూడు కొండల అవతలికి వినిపిస్తుందట. ఆ బడికి అంత మంచి గంట ఎన్నడూ లేదు.

ఇంతలో పాక్ తాత టిక్కెట్టు కొనేశానని ఉత్తరం రాశాడు. నేను దాన్ని పరాంకుశం గారి ముందు పెట్టి, వాద్యాలు ఒక్కరోజుకి ఇప్పించమని కాళ్ళావేళ్ళా పడ్డాను.

"వాద్యములు కదలనక్కరలేదు," అన్నారు ఆయన. "సాంకేతికత ఉన్నది. పద్నాలుగు బళ్ళూ ఎక్కడివక్కడే ఉండి ఏకకాలంలో వాయిస్తాయి. దీనికి 'ఏకకాల మహానాదం' అని నామకరణం చేశాను."

సెకన్లతో సహా టైం టేబులు వచ్చింది. పదిన్నర దాటి నాలుగో సెకనుకి గుడ్డివలస, సరోన్, ఒక దెబ్బ. ఆరో సెకనుకి చినమేడపల్లి, బొనాంగ్, రెండు దెబ్బలు. పదహారో సెకనుకి ఇప్పలగూడ, గాంగు. మా ఊరికి ఎదురుగా ఇలా ఉంది: "నీలంపేట: సుత్తుల పెట్టె తెరచి చూపవలెను."

ఆ రోజు డివిజన్ ఆఫీసు మీటింగు హాల్లో పాక్ తాతని ఎర్ర మెత్త కుర్చీలో కూర్చోబెట్టి దండ వేశారు. బాగా చిక్కిపోయాడు. మా పిల్లలు పదమూడు మందీ చివరి వరసలో పెట్టె పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళని చూసి నవ్వి, "వాద్యాలు?" అనడిగాడు. నేను గోడ మీది తెర చూపించాను. తెర మీద పదమూడు గళ్ళు.

పదిన్నర కొట్టింది. గుడ్డివలస టీచరు సాంబారు గరిటెతో సరోన్ మీద ఒక్కటిచ్చాడు. అది మాకు వినపడేసరికి పదకొండో సెకను. చినమేడపల్లి మేడమ్ డస్టరుతో బొనాంగ్‌ని ఎడాపెడా బాదుతోంది, మైకు మాత్రం ఆన్ చేయలేదు. ఇంకొక గడిలోంచి "హలో, హలో, మా కంచు వినబడతందా అండీ?" అని ఒకాయన అరుస్తున్నాడు. ఎక్కడిదో ఉల్లిపాయల ఆటో మైకు అందులో దూరి, కిలో ఎంతో చెప్పి మరీ వెళ్ళిపోయింది. ఇప్పలగూడ గడిలో ఒక చక్రం గిర్రున తిరుగుతూ ఉంది. పదహారో లెక్కకి మా ఝాన్సీ చేతిలో సుత్తి గాల్లోకి లేచి ఆగిపోయింది.

పరాంకుశం గారు చప్పట్లు కొట్టారు, కాబట్టి అందరూ కొట్టారు. "ఏకకాల మహానాదం దిగ్విజయముగా ముగిసినదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను."

"ముగియలేదు," అన్నాడు పాక్ తాత కళ్ళు మూసుకునే. "గాంగు మోగలేదు."

మోగేదాకా లేవడు. అది నాకు తెలుసు, వానలో తడిసినవాణ్ణి. పరాంకుశం గారికి తెలియదు. అతిథి లేస్తే ఆయనా లేద్దామని చూశారు. అయిదు నిమిషాలు, పావుగంట, ముప్పావుగంట. విదేశీ అతిథులు ఆసీనులై యుండగా ఏ అధికారియు లేవరాదని ప్రోటోకాల్ ఏడో నిబంధన. రాసింది ఆయనే. పక్కగదిలోంచి బిర్యానీ వాసన వచ్చి హాలంతా తిరిగి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆయన కూర్చున్నచోటు నుంచే ఇప్పలగూడకి ఫోన్ చేశారు.

"టవరుకి కరెంటు నేదండీ," అన్నారు బలరాం గారు. ఆ ముక్క చెప్పడానికి ఆయన వేరే టవరు అందే గుట్ట ఎక్కాల్సొచ్చింది.

"గాంగును జీపులో పంపించండి."

"సిమెంటు చేసేశామండీ. దిమ్మలు బద్దలు కొడితే బడికి గంటుండదు. గంట లేని బడి బడి కాదు, మూసేస్తామని మీ పోయినేడాది సర్క్యులర్ ఉందండీ, నా దగ్గర. చదవమంటారా?"

పరాంకుశం గారి మొహం చూస్తే నాకే జాలేసింది. దగ్గరికెళ్ళి చెవిలో చెప్పాను. "గాంగు రాకపోతే ఏం సార్? పాక్ గారినే గాంగు దగ్గరికి తీసుకెళ్దాం."

"ఆయన లేవరు కదయ్యా!"

"లేవక్కర్లేదు సార్."

నలుగురు అటెండర్లు పాక్ తాతని కుర్చీతో సహా ఎత్తి బయటున్న ట్రాలీ ఆటోలో పెట్టారు. ఆయన ఇంకా ఆసీనుడే. కాబట్టి ఇంకో నలుగురు వచ్చి పరాంకుశం గారిని కుర్చీతో సహా ఎత్తారు. ఆయన బరువు ఆయన హోదాకి తగ్గట్టే ఉంది, గుమ్మం దగ్గర ఒకసారి దించబోతే "దించకండి, నేల మీద కాళ్ళు ఆనితే లేచినట్టు లెక్క," అని గట్టిగా అరిచారు. పాట ఇంకా డ్యూటీలోనే ఉన్నది కనుక మిగతా పన్నెండు బళ్ళవాళ్ళూ ఎవరి పరికరం వాళ్ళు తీసుకుని ఇప్పలగూడ చేరవలెనని దారిలోనే ఫోన్ మీద ఉత్తర్వులిచ్చారు. మా పిల్లలు వెనక ఇంకో ఆటోలో. రోడ్డు మీద జనం ఏదో ఊరేగింపనుకున్నారు. సంతలో ఒక ముసలమ్మ రెండు కుర్చీలకీ దణ్ణం పెట్టి, పరాంకుశం గారి ఒళ్ళో అరటిపండు పెట్టింది. పొద్దున్నించీ ఏమీ తినలేదేమో, ఆయన తినేశారు.

మూడు గంటలకి ఇప్పలగూడ బడి ఆవరణలో, సిమెంటు దిమ్మల ముందు, మూడు నెలల తర్వాత పదమూడు వాద్యాలూ ఒకచోట కలిశాయి. బొనాంగ్ కుండలకి ఇంకా పప్పు అంటుకుని ఉంది. బడి పిల్లలు మూడొందల మంది చుట్టూ చేరారు. మా వాళ్ళు చెప్పులు విప్పి, వాద్యాల్ని దాటకుండా చుట్టూ తిరిగి, ఎవరి చోటికి వాళ్ళు నడిచారు.

"ఆగండి," అన్నారు పరాంకుశం గారు కుర్చీలోంచి. "ఆ పరికరములు ఇతర పాఠశాలలకు కేటాయించబడినవి. నీలంపేట విద్యార్థులు వాటిని తాకుట నిషిద్ధము."

పిల్లలు నా మొహం చూశారు. ఝాన్సీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాక్ తాత లవంగం నములుతూ నావైపే చూస్తున్నాడు. ఆ క్షణంలో నాకెక్కణ్ణించి వచ్చిందో తెలివి, ఇప్పటికీ ఆశ్చర్యమే.

"తాకరు సార్," అన్నాను. "వాద్యం వాళ్ళది. సుత్తి మాకు కేటాయించారు, మీ సంతకమే ఉంది. మా పిల్లలు మా సుత్తుల్నే పట్టుకుంటారు. ఆ సుత్తి పోయి దేనికి తగిలినా అది సుత్తికీ వాద్యానికీ మధ్య వ్యవహారం. సుత్తి ఎక్కడ తగలకూడదో సర్క్యులర్లో లేదు సార్."

"మరి చేత్తో వాయించే మద్దెల?"

"దానికి మా పిల్లాడు రెండు సుత్తులు తీసుకుంటాడు సార్."

ఆయన సర్క్యులర్ తెప్పించి రెండుసార్లు చదివారు. "లేదు," అన్నారు చివరికి. "లేని నిబంధన ఉల్లంఘన కాదు. కానివ్వండి."

నేను ఈల ఊదలేదు. చెయ్యెత్తి దించానంతే. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కంచు మాట్లాడింది. మూడు నెలలు పప్పులోనూ గాజు బీరువాలోనూ లెక్కల టీచరు కిందా పడున్న కంచు, ఒకరి మాట ఒకరు అందుకుంటూ, విడిపోయిన అన్నదమ్ములు ఒక అరుగు మీద కూర్చున్నట్టు మాట్లాడింది. నాకు ఏడుపొచ్చింది. డ్రిల్లు మాస్టారు ఏడవకూడదని ఏ సర్క్యులర్లోనూ లేదు కాబట్టి ఏడ్చాను. ఆఖరి వరస వచ్చింది. పదమూడు, పద్నాలుగు, పదిహేను.

ఝాన్సీ తొందరపడలేదు. రెండు చేతులా సుత్తి పట్టి, గాంగు గుండె మీద ఒక్క పెద్ద దెబ్బ వేసింది.

మూడు కొండల అవతలికి వినబడింది. పాక్ తాత కళ్ళు తెరిచి, ఝాన్సీని చూసి, రెండు మోకాళ్ళూ పట్టుకుని మెల్లగా లేచాడు. వెంటనే పరాంకుశం గారు కూడా "అమ్మయ్య" అని లేచారు.

సరిగ్గా అప్పుడే మూడొందల మందీ హోరుమని లేచారు. లాంగ్ బెల్లు! సంచులు భుజాన పడ్డాయి, కంచాలు గలగలమన్నాయి, గేటు దగ్గర తొక్కిసలాట. బలరాం గారు "ఆగండర్రా, ఇంకా మూడున్నరే!" అని అరుస్తున్నారు, ఆయన టీచర్లు అప్పటికే కారియర్లు పట్టుకుని మోటారు సైకిళ్ళు స్టార్టు చేశారు. అటెండర్లు వాళ్ళ వెనకాలే. రెండు నిమిషాల్లో ఆవరణలో దుమ్మూ, మేమూ మిగిలాం.

పాక్ తాత బిత్తరపోయి చూశాడు. ఏమైందని అడిగితే ఝాన్సీ చెప్పింది. "ఇక్కడ అది మోగితే బడి అయిపోయినట్టు, తాతా. అందరూ ఎల్లిపోవాల."

అతను నవ్వడం మొదలుపెట్టాడు. ఒళ్ళంతా ఊగేలా నవ్వాడు. "నలభై ఏళ్ళు," అన్నాడు నాతో. "మా ఊరి పిల్లలకి నలభై ఏళ్ళు చెప్పాను, గాంగు అంటే ముగింపు అని. ఇక్కడ అందరికీ తెలుసు."

కళ్ళు తుడుచుకుని, వాద్యాల వైపు ఒకసారి, చేతుల్లో సుత్తులతో నిలబడ్డ మా పదమూడు మంది వైపు ఒకసారి చూశాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

"మళ్ళీ," అన్నాడు.

గేటు దాకా వెళ్ళిన పరాంకుశం గారు ఆగిపోయారు. వెనక్కి తిరిగి చూశారు. అతిథి ఆసీనులై ఉన్నారు. ఆయన ఏడో నిబంధనని మనసులో ఏమనుకున్నారో గానీ, వచ్చి కూర్చున్నారు.